ఏసీ రిపేరు, నిండా పోసిన టీ

"దీనికి గొంగళి ఎవరు కప్పారు?"

నుర్కెన్ ఆ ఇంట్లో జిబెక్‌తో అన్న మొదటి మాట అది. పెద్దావిడకు వంగి సలాం చెప్పాడు, బూట్లు విప్పాడు, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నేరుగా బాల్కనీలోకి వెళ్లాడు. కటకటాల మీంచి వంగి, గోడకు బిగించిన ఏసీ పెట్టెను చూసి, తల తిప్పకుండానే ఆ ప్రశ్న వేశాడు.

జిబెక్‌కు ఒళ్లు మండింది. కోస్తనాయ్‌లో వారం నుంచి ఎండ నిప్పులు చెరుగుతోంది. వంటింట్లో పెళ్లి కేకు మీద క్రీము నిలబడనంటోంది. గులాబీ చుట్టిన నిమిషానికే రేకులు జారి ముఖం వేలాడేస్తున్నాయి. ఏడాదిలో సగం మంచులో మునిగే ఊళ్లో ఏసీ బాగుచేసేవాళ్లు ఎంతమంది ఉంటారు గనక? ఉన్న కొద్దిమందీ ఈ వేడికి కొత్తల్లుళ్లలా బెట్టు చేస్తున్నారు. రిపేర్ల ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసి, బతిమాలి, చివరికి సంపాదించింది ఈ మనిషిని. వచ్చీ రాగానే విచారణ మొదలుపెట్టాడు.

"ఎవరు కప్పితే మీకెందుకండీ? పనిచేయడం లేదు. బాగుచేయండి," అంది.

"ఎందుకు పనిచేయడం లేదో తెలియాలంటే గొంగళి సంగతి తెలియాలి కదా."

"నేనే కప్పాను బాబూ," అంది గుమ్మంలో నిలబడ్డ కుల్యాష్ అజె గర్వంగా. ఆవిడ జిబెక్ నానమ్మ. ఆ మేడలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ని అజె అనే పిలుస్తారు. "అక్టోబరులో కప్పి తాడుతో గట్టిగా కట్టాను. అంత చలిలో పాపం ఒక్కటే బయట పడుంటుంది. గొర్రెకైనా కొట్టం ఉంటుంది, దీనికేముంది?"

"మరి ఎండలొచ్చాక తీయలేదా అజె?"

"ఎప్పుడు తీయమంటావ్? జూన్ మొదట్లో కూడా మంచు పడిందిగా. ఈ ఊరి ఎండను నమ్మి ఎవరైనా స్వెటర్లు దాస్తారా?"

నుర్కెన్ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. అది జిబెక్ చూసింది. చూడకపోయి ఉంటే తన బతుకేదో తను బతికేదాన్నని తర్వాత చాలాసార్లు అనుకుంది.

"మే నెలలో గదుల్ని వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టాలు ఆపేశాక చలేసి, దీన్ని వేడిగాలికి పెట్టుకున్నారా?"

జిబెక్ నాలిక కరుచుకుంది. పెట్టుకుంది. రాత్రీ పగలూ పెట్టుకుంది.

"ముక్కూ నోరూ మూసేసి పరుగెత్తమంటే ఎవరికైనా గుండె ఆగిపోతుంది కదండీ. కంప్రెసర్ కాలిపోయింది. మార్చాలి."

"ఎంతవుతుంది?"

"లక్షా నలభై వేల టెంగేలు."

జిబెక్ చేతిలో క్రీము గరిటె అలాగే ఆగిపోయింది. "రిపేరుకా, కొత్తదానికా? షిమ్‌కెంట్‌లో మా పిన్ని ఇదే పని డెబ్భై వేలకు చేయించుకుంది."

"షిమ్‌కెంట్‌లో ఏడు నెలలు ఎండ. అక్కడి మెకానిక్‌కు తీరిక దొరకదు. నాకు ఈ ఊళ్లో ఉన్నది ఆరు వారాలు. పనిముట్లు, కారు, గ్యారేజీ అద్దె, చలికాలమంతా నా తిండి, అన్నీ ఈ ఆరు వారాల్లోంచే రావాలి. పైగా ఆ కంప్రెసర్ ఇక్కడ దొరకదు. రైలెక్కి రావాలి."

"అంటే చలికాలం మీకు తిండి పెట్టాల్సింది నేనా?"

"మీరొక్కరే కాదు. ఊళ్లో ఏసీ ఉన్నవాళ్లంతా తలా ఒక ముద్ద."

అజె పకపకా నవ్వింది. జిబెక్ ఆవిడ వైపు ఉరిమి చూసి, మళ్లీ ఇతని మీదకి తిరిగింది.

"లక్షా పది."

"లక్షా ముప్పై."

"ఇరవై. కాదంటారా, ఈ క్రీముతో పాటు నేనూ కరిగిపోతాను. ఆ పాపం మీదే."

అప్పుడు అతను ఆమెను సరిగ్గా చూశాడు. చెంప మీద పిండి, ముక్కు మీద క్రీము, కళ్లలో కోపం. చూపు కొంచెం ఎక్కువసేపే నిలిచింది.

"పాతిక," అన్నాడు. "పాపం నాకొద్దు."

* * *

ఆ పెళ్లి కేకును కింది అంతస్తువాళ్ల బంగాళాదుంపల నేలమాళిగలో దాచి ఎలాగో గట్టెక్కించింది జిబెక్. తర్వాతి వారం రైల్లో కంప్రెసర్ వచ్చింది. దానితో పాటు నుర్కెన్ వచ్చాడు.

ఈసారి అజెకూ ఆమెకూ ఇద్దరికీ సలాం చెప్పాడు. గొంగళి విప్పాడు, మడతపెట్టి ఎంతో మర్యాదగా అజె చేతికిచ్చాడు. పొద్దుటి నుంచీ ఎండలో బాల్కనీలో కూర్చుని పనిచేశాడు. పోప్లార్ చెట్ల దూది గాలికి ఎగిరొచ్చి అతని జుట్టు నిండా పడుతోంది.

"ఆ చిన్న పానా అందిస్తారా?"

"దీనికి విడిగా డబ్బులిస్తారా? నేనూ చలికాలం తినాలిగా."

"మీకేం, కేకులు తింటారు."

"చేసేవాళ్లు తినరండీ. ఆ వాసన చూస్తే నాకు వికారం. మీరు ఇంటికెళ్లి ఏసీ కింద పడుకుంటారా?"

"నా గదిలో ఏసీ లేదు," అన్నాడు నుర్కెన్. "అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఆరు వారాల ఎండకి?"

జిబెక్ పడీ పడీ నవ్వింది. అతనూ నవ్వాడు. వెనకనుంచి చూస్తే ఎండకు కాలిన మెడ, దాని మీద అతుక్కున్న తెల్లటి దూది. తీసేద్దామని చెయ్యి సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ చెయ్యితో ఏం చేయాలో తెలియక పానా మళ్లీ అందించింది. అతను అడగలేదు కూడా.

సాయంత్రానికి ఏసీ పనిచేసింది. ఇల్లు చల్లబడింది. జిబెక్ మాత్రం చల్లబడలేదు. క్రీము గట్టిపడి గులాబీలు బుద్ధిగా నిలబడుతుంటే, ఆమె రిమోట్ పట్టుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎందుకు లేచానా అనిపించింది.

రెండు రోజులాగి నుర్కెన్ మళ్లీ వచ్చాడు, గ్యాస్ సరిగ్గా ఉందో లేదో చూడాలని. ఆ తర్వాత ఇంకోసారి వచ్చాడు, నీళ్లు కారే గొట్టం ఎందుకో అనుమానంగా ఉందని. టీ తాగమంటే మాత్రం రెండుసార్లూ టైం లేదని పరుగెత్తాడు.

"ఒకసారి డబ్బు తీసుకుని ఇన్నిసార్లు తిరిగే మెకానిక్‌ను ఈ వయసుకు ఇప్పుడే చూస్తున్నాను," అంది అజె పిండి కలుపుతూ. "గొట్టానికి అనుమానం ఉంటే నీకెందుకే ముఖం ఎర్రబడింది?"

"ఎండ అజె."

"ఏసీ గదిలోనా?"

గురువారం అతను మళ్లీ వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచీ లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అజె ఇక మాట్లాడనివ్వలేదు. బల్ల మీద గుడ్డ పరిచింది, నూనెలో వేయించిన పిండి ఉండలు, బావుర్సాక్‌లు, కుప్ప పోసింది, నీళ్లు మరిగే సమోవర్ తెచ్చి జిబెక్ పక్కన పెట్టింది. ఇంట్లో చిన్నది ఉండగా టీ పోసే పని ఇంకొకరిది కాదు.

"ఆదివారం వెళ్లిపోతున్నాను అజె," అన్నాడు నుర్కెన్. "ఇక్కడ ఎండలు అయిపోవచ్చాయి. షిమ్‌కెంట్‌లో మా బావకు దుకాణం ఉంది. ఈ ఒక్క ఏడాదికే కాదు, ఇక అక్కడే ఉండిపొమ్మంటున్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఇంకా ఏమీ అనలేదు. ఇక్కడ ఒక మాట తేలాలి."

అజెకు ఎక్కడలేని తెలివీ అప్పుడే వచ్చింది. "వెన్న తెస్తాను," అని లేచి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. వెన్న బల్ల మీదే ఉంది.

జిబెక్ పాలు పోసింది, టీ నీళ్లు పోసింది, సమోవర్ కుళాయి కింద గిన్నె పెట్టింది. అతను ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె కూడా అతని వైపే చూస్తోంది. తేలాల్సిన మాట ఏమిటో ఆ చూపులోనే ఉంది. ఇప్పుడు అడుగుతాడు, అవునంటాను, అనుకుంది. రెండు చేతులతో గిన్నె అందించి, అంతటితో ఆగకుండా నవ్వింది కూడా.

నుర్కెన్ గిన్నె వైపు చూశాడు. ముఖంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. పొగలు కక్కుతున్న టీని ఆగకుండా మొత్తం తాగేశాడు, విందు ముగిసిందన్నట్టు అరచేతులతో ముఖం తడుముకున్నాడు, లేచాడు.

"మంచిది. ఏసీకి ఇక ఏ లోటూ రాదు. చలికాలం మాత్రం కప్పకండి," అన్నాడు.

జిబెక్ నోరు తెరిచేలోగా బూట్లు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

అజె పరుగున వచ్చింది. ఖాళీ గిన్నెను చూసింది, దాని అంచు దాకా అంటిన పాల మరకను చూసింది, మనవరాలిని చూసింది.

"నిండా పోశావా?"

జిబెక్‌కు అప్పుడు తెలిసింది.

"అయ్యో పిచ్చిదానా. ఉండాలనుకున్న మనిషికి రెండు గుక్కలు పోస్తాం, మళ్లీ పోస్తాం, మళ్లీ మళ్లీ పోస్తాం. నిండా పోసేది ఎవరికి? తాగి లేచి వెళ్లు బాబూ అనాల్సినవాడికి. కరెంటు లెక్క చూడటానికి వచ్చేవాడికి కూడా ఈ ఇంట్లో నిండా పోయలేదే నేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినవాడికి పోశావా?"

"చూడలేదు అజె."

"దేన్ని చూస్తున్నావ్ మరి?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు.

* * *

చిక్కల్లా అక్కడే ఉంది. వేరే అతిథి అయితే ఫోన్ చేసి, పొరపాటైంది, మళ్లీ రండి అంటే సరిపోయేది. ఇతనికి ఆ మాట చెప్పాలంటే, ఎందుకు పొరపాటైందో కూడా చెప్పాలి. కావాలని నిండా పోయలేదు అంటే ఉండిపో అన్నట్టే. ఫోన్‌లో ఆ నాలుగు ముక్కలు రాసి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపింది. ధైర్యం చేసి ఫోనే చేస్తే అతను ఎత్తలేదు.

శుక్రవారమంతా ఇంట్లో కాలు నిలవలేదు. కేకులో చక్కెర రెండుసార్లు వేసింది. కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చింది. ఏసీ వైపు చూస్తే దాని మీద కసి పుట్టింది. ఎంత చక్కగా పనిచేస్తోంది దరిద్రం. చిన్న గరగర లేదు, ఒక చుక్క కారడం లేదు. ఆ గొంగళి తెచ్చి మళ్లీ కప్పేద్దామా అని నిజంగానే అనుకుంది.

శనివారం పొద్దున్నే రిపేర్ల ఆఫీసుకు ఫోన్ చేసింది. "ఏసీ విపరీతంగా చప్పుడు చేస్తోంది. ముందొచ్చిన మనిషినే పంపండి."

వచ్చింది ముందొచ్చిన మనిషి కాదు. అదే ఆఫీసులో ముసలి మెకానిక్, తెల్ల మీసాల వీక్తర్ తాత. ఏసీ కింద నిలబడి, చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"చప్పుడేదమ్మాయ్?"

"ఒక్కోసారి వస్తుంది."

"ఎలా వస్తుంది?"

జిబెక్ నోటితో ఏదో చప్పుడు చేసి చూపించింది. వీక్తర్ తాత దాన్నీ శ్రద్ధగా విన్నాడు.

"ఏసీలో ఏ తప్పూ లేదు. ఎనిమిది వేలు."

"ఏమీ చేయనిదానికి ఎనిమిది వేలా?"

"వచ్చినందుకు. ఈ ఊళ్లో ఏసీ కంటే ఏసీ మనిషి ఖరీదు." డబ్బు జేబులో పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. "నుర్కెన్ కోసమైతే చెప్పలేకపోయావా? గురువారం నుంచి వాడూ ఇలాగే ఉన్నాడు. ఆ ఇంటికి నువ్వెళ్లు తాతా, నాకు నిండా పోశారు అన్నాడు."

జిబెక్ ఒక అడుగు ముందుకు వేసింది. "ఎక్కడున్నాడు?"

"స్టేషన్ వీధిలో ఎనిమిదంతస్తుల మేడ, క్రేన్ లారీ మీద. అదే ఆఖరి పని. రేపు పొద్దున రైలు. దుకాణంలో వాటా కూడా ఇస్తున్నాడట బావ. వెళ్తే ఇక తిరిగి రాడమ్మాయ్, ఎందుకొస్తాడు?"

అజె వంటింట్లోంచి తొంగి చూసింది. "ఇంకా నిలబడ్డావేం?"

జిబెక్ క్రీము మరకల ఏప్రాన్‌తోనే మెట్లు దిగింది.

* * *

క్రేన్ బుట్ట ఆరో అంతస్తు ఎత్తులో ఉంది. అందులో నుర్కెన్ గోడకు కన్నం వేస్తున్నాడు. కింద లారీ డ్రైవర్ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. మేడ ముందు బెంచీ మీద ముసలమ్మలు వరసగా కూర్చున్నారు.

"నుర్కెన్ గారూ," అని అరిచింది జిబెక్. డ్రిల్ మోతలో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు.

"ఏసీ పాడైందా తల్లీ?" అంది బెంచీ మీద చివరావిడ.

"కాదండీ."

"డబ్బు ఎక్కువ తీసుకున్నాడా?"

"అదీ కాదు. టీ..." జిబెక్ మింగేయబోయి మింగలేకపోయింది. "పొరపాటున నిండా పోశాను."

బెంచీ మీది ముసలమ్మలంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు.

"పెళ్లి కావాల్సిన పిల్లాడికా?"

"అవును."

"మరి ఇక్కడ నిలబడితే ఏం లాభం? దింపించు," అంది ఆవిడ. అని డ్రైవర్ వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ బుట్ట దించు."

"గంట అద్దె ఆయనది," అన్నాడు డ్రైవర్ గింజలు నములుతూ. "ఆపి దించి మళ్లీ పైకెత్తాలంటే ఇంకో గంట కట్టాలి. పదిహేను వేలు."

జిబెక్ ఫోన్ తీసి అక్కడికక్కడే పంపించింది. తొందరలో తప్పు అంకె కొట్టి, దిద్దుకుని మరీ పంపింది. డ్రైవర్ ఫోన్ చూసుకుని, భుజాలు ఎగరేసి, మీట లాగాడు.

బుట్ట దిగింది. "ఎవరు దించమన్నారు?" అంటూ విసురుగా తిరిగిన నుర్కెన్ ఆమెను చూసి ఆగిపోయాడు. ముసలమ్మలు బెంచీ వదిలి లారీ దగ్గరికి వచ్చేశారు. ఇంతమంది ముందు తను చెప్పగలిగేది ఏమీ లేదని జిబెక్‌కు అర్థమైంది. బుట్ట తలుపు తీసుకుని లోపలికి ఎక్కేసింది.

"పైకి పోనివ్వండి," అంది డ్రైవర్‌తో.

"దిగండి, మీకు హెల్మెట్ లేదు," అన్నాడు నుర్కెన్. దిగేలా లేదని చూసి, తన హెల్మెట్ తీసి ఆమె నెత్తిన పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. అంత కోపంలోనూ పట్టీ గుచ్చుకోకుండా వేలు అడ్డం పెట్టాడు.

బుట్ట లేచింది. ముసలమ్మలు చిన్నవైపోయారు. ఊరవతలి గడ్డిమైదానం మీంచి వేడిగాలి కొడుతోంది. జిబెక్ కటకటం గట్టిగా పట్టుకుంది.

"మిమ్మల్ని వెళ్లమనలేదు నేను."

"నిండా పోశారు."

"మిమ్మల్ని చూస్తూ పోశాను. గిన్నెను చూడలేదు."

నుర్కెన్ చేతిలో డ్రిల్‌ను కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ పట్టుకున్నాడు.

"ఈ మాట చెప్పడానికి క్రేన్ అద్దెకు తీసుకున్నారా?"

"మీరు ఫోన్ ఎత్తి ఉంటే ఇంత ఖర్చయ్యేది కాదు. పొద్దున్నే వీక్తర్ తాతకు ఎనిమిది వేలు, ఇప్పుడు పదిహేను. ఇలాగే పోతే మీ రిపేరు కంటే మీరు ఎక్కువ పడేలా ఉన్నారు."

అతనికి నవ్వొచ్చింది, కాని పూర్తిగా రాలేదు. "జిబెక్, నేనిక్కడ ఆరు వారాల మనిషిని. మిగతా ఏడాదంతా ఏదో ఒకటి చేసి గడుపుతాను. అక్కడ దుకాణం ఉంది, వాటా ఉంది. ఇక్కడ మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే ఆ గిన్నె చూడగానే, సరే, వాళ్లకూ తెలుసు అనుకున్నాను."

ఆ మాటకు జిబెక్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎత్తు భయం ఎటో పోయింది.

"చలికాలం ఏం తింటామో నాకూ తెలియదు," అంది. "అబద్ధం చెప్పను. చలికాలం నా కేకులూ అంతంత మాత్రమే. షిమ్‌కెంట్ మీకు మేలనిపిస్తే వెళ్లండి, ఆపను. కాని నేను పొమ్మన్నానని మాత్రం వెళ్లకండి. నేను ఉండమంటున్నాను. మీరంటే ఇష్టం నాకు. గొంగళి చూసి మీరు పెదవి కొరుక్కున్నప్పటి నుంచీ ఇష్టం."

గాలి ఆమె మాటల్ని కింది దాకా మోసిందో ఏమో, కింద ముసలమ్మల్లో ఎవరో ముక్కు చీదారు.

నుర్కెన్ డ్రిల్ బుట్ట అడుగున పెట్టి, చేతి తొడుగులు విప్పి, ఫోన్ తీశాడు.

"బావా, నేను రావడం లేదు. లేదు, రేపే కాదు. అసలు రానే రాను. వాటా మీ తమ్ముడికి ఇవ్వు."

అవతల గొంతు బుట్టంతా వినిపించేలా మండిపడింది. పిచ్చెక్కిందా అంది, గది అద్దెకు తీసుకున్నాను అంది. చివరికి కొంచెం తగ్గి, "అక్కడెవరో పని ఇస్తామన్నట్టున్నారు. ఎంతిస్తారట?" అని అడిగింది.

నుర్కెన్ ఇంకో చేత్తో జిబెక్ చెయ్యి పట్టుకున్నాడు. అంతసేపూ కటకటం పట్టుకుని ఉన్న ఆ చెయ్యి వేడిగా ఉంది.

"అడగలేదు బావా," అన్నాడు. "అడగను కూడా."

ఫోన్ పెట్టేశాక కింద నుంచి డ్రైవర్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు.

"మీ గంటలో ఇంకా నలభై నిమిషాలున్నాయి. దించమంటారా?"

"వద్దు," అన్నారు ఇద్దరూ.